విభూతి బుధవారం, పాస్కా జాగరణ, పేరులేని జాములు: వరంగల్లు నేపథ్యంలో తెలుగు కతోలిక ఆరాధనా కాలభాష

వ్యాససంగ్రహం

కతోలిక ఆరాధనలో కాలం రెండు చక్రాలుగా తిరుగుతుంది. మొదటిది ఆగమన కాలంతో ఆరంభమై పాస్కా మీదుగా సాగే సంవత్సర చక్రం. రెండవది వేకువ నుంచి రాత్రి వరకు, మళ్లీ నడిరేయి జాగరణ వరకు సాగే దిన చక్రం. మఠ జీవనానికి ఈ రెండవ చక్రమే ఊపిరి. తెలుగు కతోలిక భాష సంవత్సర చక్రానికి లోతైన, స్థానిక స్మృతి గల పేర్లు పెట్టుకుంది. దిన చక్రానికి మాత్రం అటువంటి పేర్లనుగాని, పాడుకోదగిన పద్య రూపాన్నిగాని వాడుకలో నిలుపుకోలేదు. ఈ అసమానతకు కారణాలను, దానివల్ల తెలుగు ప్రార్థనా సాహిత్యానికి కలిగిన లోటును వరంగల్లు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. ప్రవేశిక

కాజీపేటలోని ఫాతిమామాత ప్రధానాలయం వరంగల్లు మేత్రాసనానికి కేంద్రం. మేత్రాణుల అధికార పరిధిని మేత్రాసనమని, దానిలో ఒక గురువు బాధ్యతలో ఉండే స్థానిక సంఘాన్ని విచారణ అని కతోలికులు వ్యవహరిస్తారు. 1952లో హైదరాబాదు మేత్రాసనం నుంచి విడివడి వరంగల్లు మేత్రాసనం ఏర్పడింది. 1988లో దీని నుంచి ఖమ్మం మేత్రాసనం వేరుపడింది. వరంగల్లు తొలి మేత్రాణులు అల్ఫోన్సో బెరెట్టా, ఇటలీకి చెందిన పీమే మిషనరీ సంస్థ గురువు.

పీమే మఠసంస్థ కాదు. విదేశాలలో మతప్రచారం కోసం ఏర్పడిన గురువుల సంస్థ. కాబట్టి ఈ ప్రాంతంలో కతోలిక జీవనం ప్రధానంగా గ్రామ విచారణలు, బడులు, వైద్యశాలల ద్వారా విస్తరించింది. కాజీపేటలో 1955లో మొదలైన సెయింట్ గేబ్రియల్ పాఠశాల వంటివి ఆ చరిత్రకు గుర్తులు. ఐరోపాలో ముందు మఠం వెలసి, దాని గంటను అనుసరించి చుట్టూ ఊరు పెరిగిన సందర్భాలు అనేకం. ఇక్కడ జరిగింది వేరు. ఊళ్లు అప్పటికే ఉన్నాయి; వాటికి తమ పంచాంగం, తమ కార్తెలు, తమ జాతరలు ఉన్నాయి. మఠాలలో రూపుదిద్దుకున్న ప్రార్థనా కాలం ఆ ఊళ్లకు అనువాద రూపంలో చేరింది. అనువాదంలో ఏది దాటింది, ఏది ఆగిపోయింది అన్నది సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న.

2. సంవత్సరానికి పెట్టిన పేర్లు

తెలుగు కతోలిక పదజాలం పొరలు పొరలుగా ఏర్పడింది. తిరుసభ, తిరుకుటుంబం, తిరుహృదయం అనే మాటలలోని 'తిరు' తమిళ ప్రాంతపు మిషన్లతో ఉన్న పాత సంబంధాన్ని చెబుతుంది. మేత్రాసనంలోని 'మేత్రా' సిరియా భాష నుంచి కేరళ మీదుగా వచ్చి సంస్కృత 'ఆసనం'తో కలిసింది. 'పాస్కా'కు మూలం హీబ్రూ, అరమాయిక్ భాషలలో ఉంది. 'పెంతెకోస్తు' గ్రీకు మాట. వీటి పక్కనే ఆగమన కాలం, తపస్కాలం, సామాన్య కాలం, దివ్యసత్ప్రసాదం వంటి సంస్కృత సమాసాలు నిలిచాయి. విదేశీ ధ్వనిని నిలుపుకోవలసిన చోట నిలుపుకొని, అర్థం పలకవలసిన చోట దేశీయ ధార్మిక పదాన్ని చేరదీయడం ఈ పదజాలపు పద్ధతి.

ఈ పద్ధతిలోని సాహసం 'విభూతి బుధవారం' అన్న పేరులో స్పష్టంగా కనిపిస్తుంది. తపస్కాలం ఆరంభమయ్యే రోజున, కిందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారంనాడు ఆశీర్వదించిన మట్టలను కాల్చి, ఆ బూడిదను విశ్వాసులకు పూయడం ఆచారం. దానిని 'బూడిద' అనకుండా 'విభూతి' అనడం చిన్న విషయం కాదు. వరంగల్లు కాకతీయుల శైవ వైభవానికి నెలవు. వేయిస్తంభాల గుడి నుంచి ఎంతో దూరం పోకుండానే పాల్కురికి సోమనాథుని పాలకుర్తి వస్తుంది. ఇటువంటి నేలలో విభూతి అన్న మాటకు నిండు అర్థం ముందే ఉంది. అది శివుని చిహ్నం, భక్తుని నిత్యధారణ. సంస్కృతంలో దానికి ఐశ్వర్యం, మహిమ అనే అర్థాలు కూడా ఉన్నాయి.

కతోలిక ఆచారంలోని బూడిద మరొకటి చెబుతుంది. మనిషి మట్టి అని, పశ్చాత్తాపపడవలసినవాడని గుర్తుచేస్తుంది. శైవునికి విభూతి ప్రతి దినం ధరించే రక్ష. కతోలికునికి ఏడాదికి ఒకసారి వచ్చే హెచ్చరిక. ఒకే మాటలో మహిమ, మృత్యువు రెండూ చేరడం వల్ల అర్థం తారుమారైందని ఆక్షేపించవచ్చు. కానీ తపస్కాలం ముగిసేది మరణంతో కాదు, పునరుత్థానంతో. బూడిదలో మహిమను ముందుగానే సూచించే పేరు ఆ కాలపు గమ్యానికి విరుద్ధం కాదు. 'భస్మ బుధవారం' అన్న మరో వాడుక వస్తువును మాత్రమే చెబుతుంది. 'విభూతి' గమ్యాన్ని కూడా ధ్వనిస్తుంది. అనువాదకులు ఈ ధ్వనిని ఉద్దేశించారా లేదా అన్నది వేరే సంగతి. మాట తనతో తెచ్చుకున్న స్మృతి పాఠంలో పనిచేస్తూనే ఉంటుంది.

'జాగరణ' కూడా అటువంటిదే. శివరాత్రినాడు రాత్రంతా మేల్కొనడం తెలిసిన సమాజానికి 'పాస్కా జాగరణ' అన్నప్పుడు వివరణ అవసరం లేదు. చీకటిలో నిప్పు రాజేసి, పెద్ద మైనపువత్తి వెలిగించి, సృష్టి కథనం మొదలుకొని పఠనాలు వింటూ పునరుత్థానానికి ఎదురుచూసే ఆ రాత్రికి తెలుగులో ఇంతకంటె తగిన మాట దొరకదు.

3. పంచాంగం, పంట, పాస్కా

సంవత్సర చక్రం తెలుగు నేలలో సులభంగా ఇమడడానికి పేర్లతోపాటు మరో కారణం ఉంది. పాస్కా తేదీ మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే తొలి పున్నమి తరువాతి ఆదివారం. అంటే దానిని సూర్యచంద్రులిద్దరి గమనాన్ని కలిపి లెక్కిస్తారు. ఇది పంచాంగం చూడడం అలవాటైనవారికి కొత్తది కాదు. 2023లో పాస్కా ఏప్రిల్ 9న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. రెండుసార్లూ చైత్ర పౌర్ణమి తరువాతే. 2024లో మార్చి 31న వచ్చినప్పుడు దాని ముందున్నది ఫాల్గుణ పౌర్ణమి. పండుగ తేదీ ఏటా ఎందుకు మారుతుందన్న ప్రశ్న ఆంగ్ల క్యాలెండరు మాత్రమే తెలిసినవారికి వస్తుంది గాని, ఉగాదిని ఎరిగినవారికి రాదు.

అయితే లెక్క కలిసినంత సులభంగా ఋతువు కలవదు. ఐరోపాలో తపస్కాలం చలి చివరిది. నిల్వ గింజలు తగ్గిపోయి, కొత్త పంట ఇంకా రాని రోజులలో ఉపవాసం వస్తుంది. పాస్కా నాటికి నేల చిగురిస్తుంది. వరంగల్లులో అవే వారాలు మిరప కోతల కాలం, ఏనుమాముల మార్కెట్టుకు మిరప బస్తాలు చేరే కాలం. ఆ వెంటనే యాసంగి వరి కోతకు వస్తుంది. పాస్కా కాలపు యాభై రోజులలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. లేమి కాలంలో ఉపవసించడం ఒకటి, పంట చేతికందే కాలంలో ఉపవసించడం మరొకటి. మొదటిదానిలో ప్రకృతి కూడా మనిషితోపాటు ఉపవసిస్తుంది. రెండవదానిలో ఉపవాసం పూర్తిగా మనిషి ఎన్నుకున్నది. 'తపస్సు' అన్న పదం ఇక్కడ సార్థకమవుతుంది. తపస్సు లేమివల్ల కలిగేది కాదు, సంకల్పంవల్ల చేసేది.

చిగురుతో పునరుత్థానాన్ని పోల్చే ఐరోపా ప్రతీక ఇక్కడ బలహీనపడుతుంది. కానీ పెంతెకోస్తు తరువాతి కాలం మరో ప్రతీకను అందిస్తుంది. ఆ పండుగ మే 10, జూన్ 13 తేదీల మధ్య వస్తుంది. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశిస్తుంది. 2025లో పెంతెకోస్తు జూన్ 8నే వచ్చింది. ఆ తరువాత ఆరాధనలో ఆకుపచ్చ వస్త్రాలు, పొలంలో వానాకాలపు పైరు. ఈ దీర్ఘ కాలానికి లాటిన్‌లో ఉన్న పేరుకు 'ఏడాది పొడవునా' అని అర్థం. తెలుగులోని 'సామాన్య కాలం' ఇంగ్లీషు పేరుకు దగ్గరగా ఉండి, విశేషం లేని రోజులన్న భావం కలిగిస్తుంది. రైతు ఏడాదిలో విత్తనం నుంచి కోత వరకు సాగే అతి ముఖ్యమైన నెలలకు 'సామాన్య' అన్న పేరు అతకదు. సంవత్సర చక్రపు పేర్లలో అనువాదం తడబడిన చోటు ఇదొక్కటే అనిపిస్తుంది.

4. దిన చక్రం: గడియలా, జాములా?

ఆరవ శతాబ్దిలో పునీత బెనెడిక్టు ఇటలీలోని మోంటే కసీనో మఠానికి రాసిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. వాటిలో 8 నుంచి 20 వరకు గల అధ్యాయాలు ప్రార్థన గురించే. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి సమావేశమై, 150 కీర్తనలను వారం రోజులలో పూర్తిచేయాలన్నది ఆయన ఏర్పాటు. రెండవ వాటికన్ మహాసభ తరువాత, 1970లో వెలువడిన సవరణలో గురువులకు, ఇతరులకు ఈ చక్రం నాలుగు వారాలకు విస్తరించింది.

ఈ నియమావళిని చదివితే కనిపించే విశేషం, అది కాలాన్ని యాంత్రికంగా చూడకపోవడం. నవంబరు నుంచి పాస్కా వరకు రాత్రులు దీర్ఘం కాబట్టి పఠనాలు ఎక్కువ. వేసవిలో రాత్రులు చిన్నవి కాబట్టి రాత్రి ప్రార్థనలో గ్రంథం తెరవకుండా, ఒక చిన్న పఠనం కంఠస్థంగా చెబితే చాలు. వేసవిలో ఉదయం పనిచేసి, మధ్యాహ్న భోజనం తరువాత విశ్రమించవచ్చు. ఎండ తీవ్రంగా ఉన్నా, పొలం పని ఉన్నా ఉపవాస నియమాన్ని మఠాధిపతి సడలించవచ్చు. మోంటే కసీనో దాదాపు 41 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ పగటి నిడివి శీతకాలంలో సుమారు 9 గంటలు, వేసవిలో సుమారు 15 గంటలు. 18 డిగ్రీల దగ్గరున్న వరంగల్లులో ఆ తేడా సుమారు 11 నుంచి 13 గంటల మధ్యనే. కాబట్టి రాత్రి నిడివిని బట్టి చేసిన మార్పులకు ఇక్కడ అంత అవసరం లేదు; ఎండను బట్టి చేసిన మార్పులకు మాత్రం అక్కడికంటె ఇక్కడే ఎక్కువ అవసరం. నియమావళి అక్షరం ఇటలీది. స్థలకాలాలను గమనించమన్న దాని బుద్ధి ఎక్కడికైనా వర్తిస్తుంది.

ఈ దిన చక్రాన్ని తెలుగులో చెప్పడానికి 'గడియల ప్రార్థన' అన్న మాట సహజంగా స్ఫురిస్తుంది. గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. మఠ ప్రార్థన ఆ కొలతలో నడవదు. రోమనులు పగటిని సూర్యోదయం నుంచి అస్తమయం వరకు 12 భాగాలు చేశారు. మూడవ, ఆరవ, తొమ్మిదవ గంటలు ప్రార్థనా సమయాలయ్యాయి. రాత్రిని నాలుగు కావలి వేళలుగా విభజించారు. పగటికి నాలుగు, రాత్రికి నాలుగుగా ఎనిమిది భాగాలు చేసే లెక్క తెలుగువారికి ఉంది. అదే జాము. మొదటి జాము ముగిసేది మూడవ గంటకు, రెండవది మధ్యాహ్నానికి, మూడవది తొమ్మిదవ గంటకు, నాలుగవది సంధ్యకు. ఎనిమిది ప్రార్థనలకు ఎనిమిది జాములు ఒకటికొకటి సరిపోవు. వేకువ ప్రార్థన, శయన ప్రార్థన జాముల మధ్యలో పడతాయి. అయినా కాలాన్ని పగలు, రాత్రుల నిడివిని బట్టి భాగించే పద్ధతి రెండింటిలోనూ ఒకటే.

'జాముల ప్రార్థన' అన్న పేరు మరింత నిర్దుష్టం అనడానికి ఇదే ఆధారం. నడిజాము, తొలిజాము, నాలుగోజాము అనే మాటలు కావలివారికి, రైతులకు, కథకులకు అలవాటైనవి. అయినా ఋతువుల పేర్లలా ఈ వేళల పేర్లు మఠాల గోడలు దాటి విశ్వాసుల నోట నిలవలేదు.

5. ప్రజల మఠం: త్రికాల జపం, జపమాల

అలాగని దిన చక్రం తెలుగు పల్లెకు అసలే చేరలేదనడం సరికాదు. అది రెండు రూపాలలో చేరింది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగగానే చెప్పే త్రికాల జపం ఒకటి. 'త్రికాలం' అన్న మాటలో సంధ్యావందన సంస్కారం ధ్వనిస్తుంది. రెండవది జపమాల. సంప్రదాయ జపమాలలో మంగళవార్త జపం 150 సార్లు వచ్చేది. లాటిన్ చదవలేని సామాన్యులకు 150 కీర్తనల స్థానంలో అవి నిలిచాయి. 2002లో రెండవ జాన్‌పాల్ పోపు మరో ఐదు రహస్యాలను చేర్చడంతో ఆ సంఖ్యాసామ్యం మారింది గాని, మూలభావం మారలేదు. జపమాల చదువురానివారి కీర్తనల గ్రంథం.

వీటి విలువ కాదనలేనిది. కానీ సాహిత్య దృష్టితో చూస్తే ఒక నష్టం ఉంది. కీర్తనలలో ఒకే భావం ఉండదు. కోపం ఉంది, నింద ఉంది, దేవుణ్ని నిలదీయడం ఉంది, ఓటమిని ఒప్పుకోవడం ఉంది, ఆనందంతో చప్పట్లు కొట్టడం ఉంది. మఠవాసి వాటినన్నిటినీ తన మనఃస్థితితో నిమిత్తం లేకుండా క్రమం తప్పక పలకాలి. సంతోషంగా ఉన్ననాడు కూడా ఎవరిదో దుఃఖాన్ని నోటితో మోయాలి. జపం ఒకే మాటను లోతుకు దించుతుంది. కీర్తనల పారాయణం మనిషి అనుభవమంతటినీ వరుసగా నోటికి తెస్తుంది. పల్లెకు మొదటిది చేరింది, రెండవది చేరలేదు. అప్పులపాలైన రైతు కుటుంబం ప్రార్థనకు కూర్చున్నప్పుడు, తన గోడును గోడుగానే దేవుని ముందు పెట్టే మాటలు ప్రతిదినం అందుబాటులో ఉండడం అలంకారప్రాయమైన విషయం కాదు.

6. కీర్తన రూపం, ద్విపద నడక

కీర్తనలు దిన చక్రంలో నిలవకపోవడానికి రూపం కూడా ఒక కారణం. హీబ్రూ కీర్తనలోని చరణం సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలో చెప్పిన భావాన్ని రెండవది మరో మాటతో చెబుతుంది, పెంచుతుంది, లేదా ఎదురు నిలుపుతుంది. మఠాలలో ఈ నిర్మాణాన్ని అనుసరించే గానం రూపొందింది. చరణం మధ్యలో ఒక విరామం. రెండు వరుసలుగా నిలిచినవారు ఒకరి తరువాత ఒకరు చరణాలను అందుకోవడం. వచనంగా అనువదించిన కీర్తన చదవడానికి బాగుంటుంది, బోధించడానికి ఉపకరిస్తుంది. ప్రతిదినం పదుల సంఖ్యలో కలిసికట్టుగా పలకడానికి మాత్రం నోటికి ఊత ఇవ్వదు.

తెలుగులో ఈ ఊత ఇవ్వగల ఛందస్సు ద్విపద. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం గల పాదాలు రెండేసి నడిచే ఈ దేశి ఛందస్సును పాల్కురికి సోమనాథుడు భక్తుల పారాయణకు వాహికగా చేసుకున్నాడు. అది పండితుని ఏకాంత పఠనానికి కాక, గుంపు గొంతుకు తగిన నడక. ద్విపద జంటపాదాలకు, కీర్తనలోని జంటభాగాలకు నిర్మాణంలో పోలిక ఉంది. ప్రాసనియమం మూలార్థాన్ని వంచుతుందన్న అభ్యంతరం సమంజసమే. దానికి సమాధానం సంప్రదాయంలోనే దొరుకుతుంది. ప్రాస విడిచిన మంజరీ ద్విపద ఉండనే ఉంది.

తెలుగు ప్రొటెస్టంటు సమాజం 19వ శతాబ్దిలోనే పురుషోత్తమ చౌధరి వంటివారి ద్వారా రాగతాళబద్ధమైన క్రైస్తవ కీర్తనలను సొంతం చేసుకుంది. అవి స్వతంత్ర రచనలు, ఆదివార ఆరాధనకు అనువైనవి. 150 కీర్తనల నిత్య పారాయణకు కావలసింది గాయకుని ప్రతిభ కాదు. ఎవరైనా అలవోకగా అందుకోగల సమగతి. ఆ రెండు అవసరాలూ వేరు.

7. 1969: కలవని రెండు దారులు

భారతీయ కతోలిక సంఘం దేశీయీకరణకు చేసిన ప్రయత్నంలో 1969 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్‌లో భారతదేశానికి సంబంధించిన పన్నెండు అంశాలకు రోము అనుమతి లభించింది. నేలపై కూర్చోవడం, పాదరక్షలు విడవడం, అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, నూనె దీపాలు, ఆరతి వంటివి వాటిలో ఉన్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆరవ పౌలు పోపు సవరించిన ఆరాధనా సంవత్సరాన్ని ఆమోదించారు. భూఫలాల కోసం, మానవ శ్రమ కోసం చేసే ప్రత్యేక ప్రార్థనా దినాలను ఆయా దేశాల మేత్రాణుల సమాఖ్యలు తమ పరిస్థితులకు తగినట్టు నిర్ణయించుకోవచ్చునని ఆ సవరణ చెప్పింది.

రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పన్నెండు అంశాలలో ఎక్కువ భాగం భంగిమకు, వస్తువుకు, స్థలానికి చెందినవి. కాలానికి చెందినది ఒక్కటీ లేదు. దేశీయీకరణ గుడి లోపలి దృశ్యాన్ని మార్చింది. గుడి గంట మోగే వేళను ఆలోచించలేదు. మృగశిర కార్తెనాడు విత్తనాలతో ప్రార్థించే రోజును ఆరాధనా సంవత్సరంలో భాగం చేయడానికి తలుపు 1969లోనే తెరుచుకుంది.

కాలాన్ని గురించి ఆలోచించినది దక్షిణ భారతంలోని కొన్ని ఆశ్రమాలు. 1950లో తమిళనాడులో ఆరంభమైన శాంతివనం ఉభయసంధ్యల ధ్యానాన్ని జీవనక్రమంలో నిలిపింది. 1958లో కేరళలో ఏర్పడిన కురిశుమల ఆశ్రమంలో ఫ్రాన్సిస్ ఆచార్య సిరియా సంప్రదాయపు నిత్య ప్రార్థనలను భారతీయ వాతావరణానికి తగినట్టు సంకలనం చేశారు. మఠం ప్రార్థనా భాషకు ప్రయోగశాల కాగలదని ఇవి నిరూపించాయి. తెలుగులో ఆ పని భారమంతా విచారణల మీద పడింది. విచారణకు ఆదివారం ముఖ్యం, పండుగ ముఖ్యం. అందుకే సంవత్సరపు పేర్లు పండాయి. రోజుకు ఎనిమిదిసార్లు ఒకే మాటను పలికి అరగదీసి నునుపుచేసే నోళ్లు మఠంలోనే ఉంటాయి.

8. ముగింపు

వరంగల్లు నేలమీద కతోలిక ఆరాధనా సంవత్సరం పరాయిది కాదు. విభూతి, తపస్సు, జాగరణ అనే మాటలు శైవ స్మృతిని తుడిచివేయకుండా కొత్త అర్థాన్ని మోస్తున్నాయి. పున్నమి లెక్క పంచాంగానికి బంధువు. ఇంతవరకు అనువాదం సృజనగా మారింది. దిన చక్రం విషయంలో మాత్రం అది మధ్యలో ఆగింది. జాము అన్న కొలత, మంజరీ ద్విపద అన్న నడక, కార్తెల జ్ఞానం ఇవన్నీ తెలుగులో సిద్ధంగానే ఉన్నాయి.

మతసాహిత్యాన్ని మతస్థులకే వదిలివేసే అలవాటు తెలుగు విమర్శలో బలంగా ఉంది. శైవ, వైష్ణవ పారాయణ గ్రంథాలను ఛందోదృష్టితో చదివిన విమర్శ, క్రైస్తవ ప్రార్థనా గ్రంథాలను అదే దృష్టితో చదవవలసి ఉంది. విచారణలలో వాడే ప్రార్థనా పుస్తకాల భిన్న ముద్రణలను సేకరించి, పదాల మార్పులను కాలక్రమంలో నమోదు చేయడం దానికి తొలి మెట్టు. మఠకన్యల, గురువుల నిత్య పారాయణలో నోటికి తగిలిన మాటలేవో, జారిపోయిన మాటలేవో విని రాయడం రెండవది. నోరు తిరగని చోటును ముందుగా గుర్తించేది ప్రతిదినం పలికేవారే.